మన పూవులును మన కుట్టుపనియు

మన పాఠశాలలో ఏటేట జరుగు చేతిపనుల ప్రదర్శనము ఈ సంవత్సరము మార్చి మొదటి వారమున జరిగినది. బాలికల కుట్టుపనులు పరచిన బల్లయొద్ద కూర్చుండి, చూడవచ్చిన వారికి వివరములు చెప్పు పని నా వంతునకు వచ్చెను. దిండు గలీబులు, చేతిరుమాళ్లు, బల్లగుడ్డలు, రవికెముక్కలు, గోడకు వ్రేలాడదీయు పటములు, వీనియన్నిటి మీదను పూవులే. తలిదండ్రులు చూచి సంతోషించిరి. పని శుభ్రముగా నున్నదని మిషను పెద్దలును మెచ్చుకొనిరి. మధ్యాహ్నము జనము పలుచబడిన తరువాత ఏమియు తోచక ఆ పూవులను పేరుపేరున లెక్కింప మొదలిడితిని. గులాబీలు మెండు. వాని వెనుక డేజీలు. ఆ పిమ్మట పాన్సీలు, ట్యూలిప్పులు, నీలిగంటలవంటి యేవో పూవులు. మన యూర పూచు పూవు ఏదైన కలదా యని వెదకగా ఒక మూల పసుపుపచ్చని చేమంతి యొకటి కనబడినది. దగ్గఱకు పోయి చూచితిని. దాని క్రింద ఆ బాలిక 'సూర్యకాంతము' అని వ్రాసియుంచినది!

నేనిట్లు లెక్కించుచుండగానే ప్రహరీగోడ ప్రక్కనున్న బూరుగుచెట్టునుండి పూవొకటి ధబ్బున నేలబడినది. చిన్న పిల్లలు దానిని కాలితో తన్నుచు బంతియాట ఆడుకొనుచుండిరి. చెట్టున ఆకొక్కటి లేదు. కొమ్మ కొమ్మకు ఎఱ్ఱని గిన్నెలు బోర్లించినట్లును వెల్లకిలపెట్టినట్లును పూవులు నిండియున్నవి. గోరువంకలు వానిలో తలలు దూర్చి తేనె త్రావుచున్నవి. ప్రదర్శనశాల కిటికీనుండి పది గజములలో ఇంత వైభవము జరుగుచుండగా లోపల బల్లమీద దానిజాడ సూదిమొనంత యైనను లేదు. ఆ దినము నాకు కలిగిన యాలోచనమును చదువరుల ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క పని. కుట్టుపనికి నమూనాను కాగితమునుండి గాక చెట్టునుండియే తీసికొనవలయునని నా యభిప్రాయము. దీనిని ఒప్పుకొననివారు నా తోటి ఉపాధ్యాయులలోనే కలరని యెఱుగుదును. వారి మాటలకును ముందు సమాధానము చెప్పుకొందును.

ముందు నా సంగతి చెప్పవలెను. నేను బాలికగా నున్నప్పుడు మొదటి బహుమానము తెచ్చిపెట్టిన కుట్టుపని ఎట్టిదనుకొన్నారు? గడ్డికప్పు గల యొక ఆంగ్లేయుల కుటీరము, దాని ముంగిట నిలువెత్తు హాలీహాకు పూవులు, గొడుగు పట్టిన దొరసాని. హాలీహాకు అనునది ఎట్లుండునో నేను కన్నులార చూచి యెఱుగను. మా కాలమున నమూనా కాగితమును సూదితో పొడిచి, కిరసనాయిలులో కలిపిన నీలిపొడిని దానిమీద రుద్ది, బట్టపై చుక్కలు దింపెడివారము. తరువాత కార్బను కాగితము వచ్చినది. నేటి బాలికలు నమూనా కావలసినచో సెల్‌ఫోను తెఱతురు. సాధనము మారినదే గాని పద్ధతి మారలేదు. ఎవరో ఎక్కడనో చూచి గీసిన పూవును, చూడనివారు చూడకయే కుట్టుచున్నారు.

చిన్న తరగతుల పిల్లలకు మేము మొట్టమొదట నేర్పు కుట్లలో నొకటి లేజీడేజీ కుట్టు. గొలుసు కుట్టులోని యొక కొక్కెమును విడదీసి, కొనయందు చిన్న పోగుతో బిగించుటయే అది. పేరులోని డేజీ యెట్టి పూవో చెప్పుమని యొకనాడు ఆరవ తరగతిలో నడిగితిని. ఒక్కరును చెప్పలేకపోయిరి. లేజీ యనగా సోమరి యని మాత్రము ముగ్గురు చెప్పిరి.

ఇంగ్లాండు దేశపు పూవులపై నాకు ద్వేషమున్నదని తలపవలదు. అక్కడివారు ఆ పూవులను కుట్టుట మిక్కిలి న్యాయమైన పని. ఆ దేశపు అడవులలో శీతకాలమంతయు చెట్లు మోడులై యుండును. ఏప్రిలులో చెట్లు చిగిర్చి కొమ్మలు కలిసికొనకముందే, వెలుతురు నేలకు దిగు ఆ కొద్ది వారములలోనే నేలనున్న చిన్న మొక్కలు త్వరత్వరగా పూచి ముగింపవలెను. ప్రిమ్‌రోజు, ఎనిమోను, నీలిగంట పూవు మొదలగునవి యట్టివి. ఆకులు కమ్ముకొన్న పిమ్మట వానికి వెలుతురుండదు. చీకటినెలల తరువాత కాలిక్రింద నేల యంతయు నీలముగా మారినప్పుడు అక్కడి జనుల హృదయము పొంగుట సహజమే. విలియం మారిస్ కుమార్తె మే మారిస్ 1885లో తన తండ్రి సంస్థలోని కుట్టుపని శాఖకు అధికారిణియై, 1893లో అలంకారపు కుట్టుపనిని గూర్చి యొక గ్రంథము వ్రాసినది. తండ్రి అల్లించిన బట్టలలోను, కూతురు కుట్టించిన తెరలలోను కనబడునవి వారి కంచెలయందును తోటలయందును పూచిన పూవులే. గ్లాస్గో చిత్రకళాశాలకు చెందిన ఆన్ మాక్బెత్, మార్గరెట్ స్వాన్సన్ అను నిద్దఱు 1911లో ప్రకటించిన పాఠశాలల కుట్టుపని గ్రంథము మఱియొక మెట్టు పైకి పోయినది. చిన్నపిల్లలచేత కన్నులు చెడునట్టి సన్నని తెల్ల కుట్లు కుట్టింపవలదనియు, రంగుదారముతో పెద్ద కుట్లు కుట్టింపవలెననియు, అలంకారమును బాలికయే కల్పించుకొనవలెననియు వారు బోధించిరి. ఆ పద్ధతి మన ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల కుట్టుపాఠములలోనికి వచ్చునప్పటికి మొదటి రెండు మాటలు మిగిలినవి, మూడవది దారిలో జారిపోయినది. వారు తమ కంచెయొద్దకు పోయి చూచిరి. మనము వారి పుస్తకమును చూచితిమి.

"అది సరే, మనకడ అడవి యెక్కడ నున్నది? తెనాలి చుట్టును వరిచేలు, రేపల్లె చుట్టును వరిచేలు, బాపట్ల చుట్టును ఇసుక" అని మీరు నన్నడుగుదురు. మాట నిజమే. కృష్ణానదికి ఆనకట్ట ముగిసిన 1855 మొదలు మన డెల్టాలో అడుగు నేలయైనను విడువక వరి వేయుచు వచ్చితిమి. నీలిగంటలు పరచుకొను అడవి నీడలు మనకు లేవు. కాని మన వసంతముయొక్క స్వభావమే వేఱు. మన చెట్లు ఫాల్గుణమున ఆకు రాల్చి, ఆ బోడికొమ్మలమీదనే పూయును. అక్కడ వసంతమును చూచుటకు తల వంచవలెను; ఇక్కడ తల యెత్తవలెను. ఆకు అడ్డములేని ఎఱ్ఱని పూవు పక్షులకు దూరమునకే కనబడును, పక్షులు పుప్పొడి మోసికొనిపోవును. బూరుగు, మోదుగులు ఇట్టివి. మోదుగను డెల్టాలో అంతగా చూడము గాని, కొండవీటివైపు పోయినచో కొండవాలున నిప్పంటుకొన్నట్లు కనబడును. చిలుకముక్కువంటి దాని రేకును, నల్లని మఖమలువంటి దాని తొడిమగిన్నెను ఒక్కమాఱు చేతబట్టి చూచినవారు గులాబీకై పుస్తకము వెదకరు.

మోదుగ లేదని విచారింపనక్కఱలేదు. తెనాలినుండి కాలువగట్టు పట్టుకొని నడువుడు. కానుగచెట్లు తెల్లనిదియు ఊదానిదియు గాని యొక రంగు పూవులను నేలపై జల్లెడపట్టినట్లు రాల్చియుండును. ఒక్కొక్క పూవు చిక్కుడుపూవు వంటిది. గోధుమరంగు చిన్న గిన్నెలో కూర్చుండును. చెట్టునున్న గుత్తికంటె రాలిన తీరే కుట్టుపనికి అందమని నా తలంపు. ఒకచోట దట్టముగా, పోను పోను పలుచనగా, గట్టు అంచున నాలుగైదు, నీటిపై ఒకటి రెండు. బల్లగుడ్డ మూలనుండి మధ్యకు ఇట్లు చల్లుకొనిపోయినచో దానిని సరిదిద్దువారెవ్వరు? లేత ఊదా, తెలుపు, గోధుమ, ఈ మూడు చిలపల దారము చాలును.

వేపపూతను ఉగాది పచ్చడిలో చవిచూచుటయే గాని పరకాయించి చూచినవారు అరుదు. ఐదు తెల్లని సన్నరేకులు, నడుమ నిలువుగా లేత పసుపు గొట్టము. లేజీడేజీ కుట్టు ఐదు కొక్కెములు, మధ్య అడ్డముగా రెండు పోగులు, వేపపూవు సిద్ధము. ఆ కుట్టు మన వేపపూవుకొఱకే పుట్టినదేమో యనిపించును! కాడ కుట్టుతో గుత్తి దించి, ఎడనెడ విచ్చని మొగ్గలకు ముడికుట్లు వేయవలెను. దిరిసెనపూవు మఱియు సులభము. ఒక చుక్కనుండి నలుదెసల నిలువు పోగులు లాగుటయే. రేలపూవు గుత్తి పైనుండి క్రిందికి వ్రేలాడుచు, పైపూవులు విచ్చి క్రిందివి మొగ్గలై సన్నగిలును గనుక తెరల అంచునకు దానివంటిది మఱియొకటి లేదు. అయితే అది వేసవి నడిమికి గాని పూయదు. అప్పటికి పాఠశాలకు సెలవులు. అది యొకటే దాని దోషము.

బాపట్లకు రండు. 2022లో బాపట్లయు రేపల్లెయు క్రొత్త జిల్లాలో చేరి, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. కానుగచెట్ల కీ మార్పు తెలియలేదు గాని నేల మాత్రము ఈ దారిలో నిజముగానే మారును. నల్లరేగడి తగ్గి ఇసుక వచ్చును. జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు వచ్చును. జీడిమామిడి పూవు బియ్యపుగింజను మించదు. తెల్లగా విచ్చి, పిమ్మట ఎఱ్ఱని చారలు తేలి, రేకులు వెనుకకు చుట్టుకొనును. ఒక్క పోగు దారముతో గాని అది లొంగదు. పెద్ద తరగతి బాలికలలో చేతివాటముగలవారికి దానిని వదలుచున్నాను. సూర్యలంక తీరమున ఇసుకపై పాకు బాలబంధ తీగ అట్లుగాదు, అందఱకును లొంగును. దాని ఆకు నడుమ చీలి మేకడెక్కవలె నుండును. పూవు ఊదారంగు గరాటు. తీగ ఇసుకమీద తాడు పఱచినట్లు తిన్నగా సాగి, కణుపు కణుపునకు వేరు దించి, ఆకులు ఒక వరుస నిలుపును. చీర అంచునకు గాని తెర అంచునకు గాని దానికి మార్పేమియు చేయనక్కఱలేదు; ఉన్నది ఉన్నట్లు గొలుసు కుట్టుతో దింపవచ్చును. ప్రక్కనే గాలికి దొర్లుచుపోవు ముండ్లబంతులను పిల్లలు రావణాసురుని మీసములందురు. పూవని యెవ్వరు నొప్పుకొనరు గాని సూదికి అది మంచి పాఠము. గంగరావిచెట్టు ఉదయమున పసుపుపచ్చని పూవు విప్పి, వాడునప్పటికి దానినే ఎఱ్ఱగా మార్చును. ఒకే కొమ్మపై రెండు రంగుల పూవులు కుట్టి, "ఇది తప్పు గాదు, ప్రొద్దు మారినది" అని చెప్పుకొను నవకాశము ఏ నమూనా పుస్తకమిచ్చును?

ఇక రేపల్లె. అక్కడినుండి దక్షిణముగా నిజాంపట్నము వైపు పోయినచో, ఉప్పునీటి కయ్యల వెంట మన తీరపు నిజమైన యడవి, మడయడవి యున్నది. దీనిని గూర్చి చెప్పునప్పుడు నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది.

నేను పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో, సముద్రపు వైపు పల్లెనుండి వచ్చి వసతిగృహములో నుండు బాలిక యొకతె ఏడవ తరగతి చదువుచుండెను. చేతిరుమాలు మూలలో ఒక పూవు కుట్టి తెండని తరగతి కంతటికిని పని ఇచ్చితిని. అందఱును గులాబీ తెచ్చిరి. ఈ బాలిక నాలుగు రేకుల చిన్నపూవులు ముద్దగా గుచ్చినట్లు, నారింజకును పసుపునకును నడిమి రంగుతో కుట్టి తెచ్చినది. ఆకులు ఒక ప్రక్క పచ్చగాను, మఱియొక ప్రక్క బూడిదరంగుగాను కుట్టినది. వాని క్రింద అడ్డగీత లేకయే, నేలలో మేకులు దిగగొట్టినట్లు నిలువు కుట్లు వరుసగా వేసినది.

"ఇది యేమి పూవే?" అని యడిగితిని.

"మా వూరి మడపూవండి, టీచరుగారూ" అన్నది.

"నమూనా ఏది?"

"నమూనా లేదండి. ఊరికే చూసి కుట్టానండి."

నేను వరిమడి యనుకొంటిని. మడిలో నారింజరంగు పూవేమిటి, ఆకునకు రెండు రంగులేమిటి, క్రింద నీ మేకులేమిటి యని గద్దించి, అట్టి పూవు ఎక్కడను లేదంటిని. పదింటికి నాలుగు మార్కులు వేసి, అంతయు విప్పి గులాబీ కుట్టి తెమ్మంటిని. ఆ బాలిక ఎదురు చెప్పలేదు. మఱునాడు గులాబీ కుట్టి తెచ్చినది. మంచి గులాబీయే. దానికి ఎనిమిది వేసితిని. అయితే విప్పిన కుట్ల రంధ్రములు ఆ తెల్లని బట్టపై అట్లే నిలిచియుండెను. గులాబీ చుట్టును, సన్నగా, నాలుగు నాలుగుగా.

మూడు సంవత్సరములకు ఉపాధ్యాయులము కొందఱము వేసవిలో పడవపై ఆ కయ్యలలోనికి పోయితిమి. ఒక మలుపున కొమ్మలు పడవకు తగిలినవి. చూతును గదా, నాలుగు రేకుల చిన్నపూవుల ముద్దలు, నారింజకును పసుపునకును నడిమి రంగు. గాలి వీచి ఆకులు తిరుగబడగా వెనుక ప్రక్క బూడిదరంగు. చెట్ల క్రింద బురదలోనుండి మేకులవలె, పెన్సిళ్లవలె వేలకొలది వేళ్లు నిలువుగా పైకి లేచియున్నవి. ఉప్పు బురదలో గాలి యాడదు గనుక ఆ వేళ్లు పైకి వచ్చి చెట్టునకు ఊపిరి పీల్చి యిచ్చునని వృక్షశాస్త్రములో చదివియే యుంటిని. "ఇది యేమి చెట్టు?" అని పడవవానిని అడుగకయే తెలిసినది, అయినను అడిగితిని. "మడచెట్టండి టీచరమ్మగారూ. ఈ పూవుకు తేనెటీగలు బాగా వస్తాయండి" అన్నాడు. ఊరు తిరిగి వచ్చి ఆ బాలికకొఱకు విచారించితిని. ఎనిమిదవ తరగతితోనే చదువు మాని, రొయ్యలు వలుచు పనికి పోవుచున్నదని తెలిసినది.

నాలుగు మార్కులవలన ఆమె చదువు మానినదని నేను చెప్పుటలేదు. అంత గర్వము నాకు లేదు. ఆ తరగతిలో పూవును నిజముగా చూచి కుట్టినది ఆమె యొక్కతెయే. విప్పుమన్నదియు ఆమె పనినే. అంతమట్టుకు చెప్పవలసి యున్నది.

నమూనా యొకచోట, చేయి మఱియొకచోట నుండుట మన తీరమునకు క్రొత్త గాదు. ఆ నిజాంపట్నమే ఒకప్పుడు పెటపోలి యను పేర పరదేశ వర్తకులకు రేవు. డచ్చివారు 1606లోను, ఆంగ్లేయులు 1611లో గ్లోబు అను ఓడపైని వచ్చియు అక్కడ దిగిరి. వారిని రప్పించినవి మన అద్దకపు బట్టలు. ఇసుకనేలలలో పెరుగు చిరివేరు అను చిన్న మొక్క, దానికి నాలుగు రేకుల తెల్లని పూవు, దాని వేరును పటికతో కలిపి కాచినచో ఉదుకులకు పోని ఎఱ్ఱరంగు వచ్చును. ఆ వర్తకులు మొదట ఇక్కడి పనివారు వ్రాసిన పూవులనే కొనిరి. 17వ శతాబ్ది ఉత్తరార్ధమున తమ దేశమునుండియే నమూనాలు పంపి, అట్లే వ్రాయుడని కోరసాగిరి. పనివారు వ్రాసి యిచ్చిరి. అయితే వారు గట్టివారు. పరదేశపు కొమ్మ వంపులో సయితము మన ఆకును దూర్చిరి. నేటికిని పెనుమూడి వారధి దాటి మచిలీపట్నము దగ్గఱి పెడనకు పోయినచో, కఱ్ఱ అచ్చులమీద ఆ పూవుల సంతతిని చూడవచ్చును.

నరసాపురపు లేసుసంగతి మఱియొకటి. 19వ శతాబ్ది మధ్యమున స్కాట్లండు మిషనరీ దంపతులు గోదావరితీరపు స్త్రీలకు ఆ అల్లిక నేర్పిరి. కరవులలో అది యెన్నో గృహములకు అన్నము పెట్టినది. దానిని చిన్నచూపు చూచుట నాకు తగదు. నా తల్లిగారి చేతిలో ఆ అల్లిక సూది యుండెడిది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపును వచ్చినది. కాని 1982లో ఆ స్త్రీలను గూర్చి గ్రంథము వ్రాసిన మరియా మీస్ అను జర్మనీ విదుషి చూపినదేమి? రోజంతయు అల్లినవారిని పనివారుగా నైనను ఎంచక, తీరిక వేళ ప్రొద్దుపుచ్చు గృహిణులుగా లెక్కించి, స్వల్పపు కూలి యిచ్చి, లాభము వర్తకులు తీసికొనుచుండిరని. నమూనా తెచ్చినవాడే వెల నిర్ణయించును. మన బాలికలలో రేపు కుట్టుపనితో జీవింపవలసినవారు కొందఱైనను ఉందురు. తెనాలిలో నేడు పెండ్లిరవికెలపై మగ్గపుపని చేయించుకొనువారు పెక్కుమంది. కంప్యూటరు యంత్రము నిమిషములలో నూఱు గులాబీలు కుట్టి పారవైచును. గులాబీలో యంత్రమును గెలుచుట మన బాలికకు సాధ్యముగాదు. మడపూవు యంత్రమునకు తెలియదు, ఎవరైన చూచి గీసి యిచ్చువఱకు. ఆ గీసియిచ్చువారు మన బాలికలే ఎందుకు కారాదు?

ఇక ఆక్షేపణలు. మా సహోపాధ్యాయిని యొకరు, "కొనువారు గులాబీయే అడుగుదురు, క్రిస్టమసు అమ్మకములో వేపపూత నెవరు కొందురు?" అనిరి. ఇది కొట్టివేయదగిన మాట గాదు. కొనువారికొఱకు గులాబీలు కుట్టుడు. నేర్చుకొనుటకొఱకు వేపపూత కుట్టుడు. రెండును ఒకే బల్లమీద పెట్టి ఒక్క సంవత్సరము చూతము. "పిల్లలకు చిత్రలేఖనము రాదు గదా" యని మఱియొకరు. సంక్రాంతినాడు ఈ యూరి వీధులలో నడిచినవారెవరైన ఆ మాట అనగలరా? పదునైదు చుక్కల వరుస పెట్టి, కాగితము లేకయే, కొలబద్ద లేకయే, తామరపూవును నేలపై దించు ఆడుపిల్లలకు చిత్రలేఖనము రాదా? మన క్రైస్తవ గృహములలో ముగ్గు పెట్టుట అంతగా లేదన్నమాట నిజమే. కాని ప్రక్కయింటి ముగ్గు చూడని పిల్ల యెవతె? చుక్కలు లెక్కించుట బట్టలో పోగులు లెక్కించుటకు మొదటి మెట్టు. పల్నాటి లంబాడీ స్త్రీలు గీతయే గీయక, పోగులు లెక్కించుకొనుచు అద్దములు పొదిగిన లంగాలు కుట్టుట చూచితిని.

మూడవ ఆక్షేపణ ఒక తండ్రిగారిది. "చర్చిలో పరచు బల్లగుడ్డమీద లిల్లీపూవులు గదా ఉండవలెను, కానుగపూవులేమిటమ్మా?" అని నన్ను మర్యాదగానే అడిగిరి. వారికి నిర్గమకాండము తెఱచి చూపితిని. 25వ అధ్యాయమున దీపవృక్షముపై చేయుమన్నవి బాదము పువ్వులు. 28వ అధ్యాయమున యాజకుని అంగీ అంచున నీల ధూమ్ర రక్త వర్ణముల దారములతో చేయుమన్నవి దానిమ్మపండ్లు. ఆ జనుల దేశమున చలికాలము చివర అన్నిటికంటె ముందు పూచు చెట్టు బాదము; వారి పెరళ్లలో కాచునది దానిమ్మ. ఆ కుట్టుపని చేసిన అహోలీయాబు మన కృష్ణాతీరమున పుట్టియుండినచో ఏ పూవు కుట్టియుండెడివాడో తామే చెప్పుడని ఆయనను అడిగితిని. ఆయన కొంచెము ఆలోచించి, "పొగడపూవు" అనిరి. నాకు తోచని పూవు! పూసకు పూస గ్రుచ్చినట్లుండు ఆ నక్షత్రపు పూవును అంచునకు కుట్టవచ్చునని నాకు నేర్పినది ఆ తండ్రిగారే.

చేయు విధము కొంత చెప్పెదను. మిగిలినది చెట్టుక్రిందనే నేర్చుకొందము. పూవును ముందు వెనుకకు త్రిప్పి చూడవలెను, ఏలయన కుట్టుపనిలో తొడిమ తప్పినచో పూవు గాలిలో తేలియాడును. రేకులు ఎన్నియో లెక్కింపవలెను. వేపకు ఐదు, మడకు నాలుగు. ఇక్కడ నొకటి యెక్కువైనచో పూవు పేరే మారిపోవును. తరువాత పూవును పళ్లెమంత పెద్దదిగా గీయవలెను. చిన్నపూవును చిన్నదిగా గీయబోయినచో కంటికి కనబడినది కాగితముపైకి రాదు. పెద్దదిగా గీసి, అందులో ఏ గీతలు తీసివేసినను ఇంకను ఆ పూవుగానే యుండునో వానిని తుడిచివేయవలెను. మిగిలిన గీతలే కుట్లు. దారపు రంగులు ఎంచుటకు చిలపలను చెట్టుయొద్దకే కొనిపోయి, నీడలో పూవు ప్రక్కన పెట్టి చూడవలెను. ఇంటికి తెచ్చిన పూవు గంటలో రంగు మారును, మన జ్ఞాపకము అరగంటలోనే మారును. ఇవి చిన్నసంగతులు. వీనికి మార్కులు వేయుట యెట్లని తోటి ఉపాధ్యాయులడుగుచున్నారు. గీసిన కాగితమునకు సగము, కుట్టినదానికి సగము నేను వేయదలచితిని. నమూనా తెచ్చి కుట్టినవారికి గీసిన సగములో ఏమియు రాదు. కఠినమని తోచినచో తలిదండ్రులు వచ్చి నాతో వాదింపవచ్చును.

వచ్చు ఫాల్గుణమున మూడు శనివారములు నిర్ణయించుకొంటిమి. మొదటి శనివారము తెనాలి కాలువగట్టు, నడిచియే. రెండవది బాపట్ల మీదుగా సూర్యలంక. మూడవది తెనాలినుండి ఉదయపు బండిలో రేపల్లె, అక్కడినుండి నిజాంపట్నము. మడ నిండుగా పూచుట వేసవిలో గాని లేదు గనుక మూడవ ప్రయాణమునకు పూవు దొరకకపోవచ్చును. ఆకు రెండు ప్రక్కలను, బురదలోని వేళ్లను గీసికొని వత్తము. ప్రతి బాలికయు అట్టకు బిగించిన నాలుగు కాగితములు, పెన్సిలు, మూడు చిలపల దారము, జానెడు కోరా బట్ట తెచ్చుకొనవలెను. కొమ్మలు విఱువరాదు, రాలిన పూవులు చాలును. మడయడవిలో కాలుజోడు బురదలో నిలువదు గనుక పాతవి తొడిగి పంపవలెనని తల్లులకు మనవి. ఆ తట్టు పల్లెలనుండి వచ్చు బాలికలు మన వసతిగృహములో నిప్పుడు నలుగురున్నారు. ఆ మూడవ శనివారము దారి చూపువారును, పూవుల పేర్లు చెప్పువారును వారే.